మాంసపు కోళ్ల హ్యాచరీ ఉత్పత్తి: లెక్కించే విధానం, లెక్కల వినియోగం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 గుడ్డు నుంచి మార్కెట్టు వరకు: కాలక్రమం
7.3 ముఖ్యమైన కొలతలు
7.4 గణన విధానం: ఒక ఉదాహరణ
7.5 అమెరికాలోని వారపు నివేదిక
7.6 లెక్కలు చదవడంలో జాగ్రత్తలు
7.7 లెక్క ఎవరి చేతిలో ఉంది?
7.8 మన ప్రాంతంలో ఈ లెక్కల అవసరం
7.9 సారాంశం
7.10 పదకోశం
7.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు
7.12 'మీ ప్రగతిని సరిచూసుకోండి' ప్రశ్నలకు జవాబులు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు
• మాంసపు కోడి ఉత్పత్తిలోని దశలనూ, ఒక్కో దశకు పట్టే కాలాన్నీ చెప్పగలుగుతారు;
• హ్యాచరీ ఉత్పత్తిని కొలిచే ముఖ్యమైన పదాలను నిర్వచించగలుగుతారు;
• పొదుగుదల శాతాన్నీ, షెడ్లలో వదిలిన పిల్లల సంఖ్యనూ, రాబోయే మాంసం పరిమాణాన్నీ లెక్కకట్టగలుగుతారు;
• హ్యాచరీ గణాంకాలను తప్పుగా చదివే సందర్భాలను గుర్తించగలుగుతారు;
• ఈ గణాంకాలు అందరికీ అందుబాటులో ఉండటం రైతుకు ఎందుకు ముఖ్యమో వివరించగలుగుతారు.

7.1 పరిచయం

చికెన్ దుకాణం ముందు బోర్డు మీద ఈ రోజు ధర రాసి ఉంటుంది. తొమ్మిది వారాల తరువాత మార్కెట్టుకు ఎన్ని కోళ్లు వస్తాయో ఆ బోర్డు చెప్పదు. కానీ ఆ సంగతి ఈ రోజుకే చాలావరకు నిర్ణయమై ఉంటుంది. అప్పుడు తూకం వేయబోయే కోళ్లు ఇప్పుడు గుడ్ల రూపంలో హ్యాచరీ ట్రేలలో ఉన్నాయి. ఆ గుడ్లను లెక్కపెట్టగలిగితే రాబోయే సరఫరాను ముందుగానే అంచనా వేయవచ్చు.

వరి విషయంలో నాట్లు వేసిన విస్తీర్ణం చూసి దిగుబడిని అంచనా వేస్తారని మీరు గత భాగాల్లో చదివారు. కోళ్ల పరిశ్రమలో హ్యాచరీ లెక్క అలాంటిదే. అయితే రెండు తేడాలున్నాయి. మొదటిది, వరి నాట్లు సీజనుకు ఒకసారి పడతాయి, గుడ్లను మాత్రం వారం వారం యంత్రాల్లో పెడుతూనే ఉంటారు. రెండవది, వరి నాట్లు లక్షలాది రైతుల పొలాల్లో పరచుకుని ఉంటాయి, మాంసపు కోడిపిల్లలు మాత్రం పరిమిత సంఖ్యలో ఉన్న హ్యాచరీల నుంచే బయటికి వస్తాయి. కాబట్టి కొద్దిచోట్ల లెక్క తీసుకున్నా మొత్తం పరిశ్రమ చిత్రం తెలుస్తుంది. ఈ సౌలభ్యం వల్లనే హ్యాచరీ గణాంకాలు వ్యవసాయ గణాంకాల్లో ప్రత్యేక స్థానం పొందాయి.

మాంసం కోసమే కోళ్లను పెంచే పరిశ్రమకు ఆరంభంగా అమెరికాలోని డెలావేర్ రాష్ట్రాన్ని చెబుతారు. అక్కడి ఓషన్ వ్యూ అనే ఊరిలో సెసిల్ స్టీల్ అనే గృహిణి 1923లో గుడ్ల కోసం 50 కోడిపిల్లలు కావాలని హ్యాచరీకి ఆర్డరిచ్చింది. పొరపాటున 500 పిల్లలు వచ్చాయి. ఆమె వాటిని పెంచి మాంసానికి అమ్మితే మంచి ధర దక్కింది. మరుసటి ఏడాది 1,000 పిల్లలను తెప్పించింది. 1926 నాటికి 10,000 కోళ్లు పట్టే షెడ్డు కట్టింది. చుట్టుపక్కల రైతులు కూడా అదే బాట పట్టారు. ఈ చరిత్రలో మీరు గమనించవలసిన అంశం ఒకటుంది. భూమి గానీ, ఋతువు గానీ అడ్డురాని ఈ వృత్తిలో ఉత్పత్తి కొన్ని నెలల్లోనే ఎన్నో రెట్లు పెరగగలదు. అంతే వేగంగా అవసరానికి మించిపోనూ గలదు. లెక్క అవసరం ఇక్కడే పుడుతుంది.

7.2 గుడ్డు నుంచి మార్కెట్టు వరకు: కాలక్రమం

లెక్కల సంగతికి వెళ్లే ముందు ఉత్పత్తి క్రమాన్ని తెలుసుకోవాలి. ఇందులో మూడు దశలున్నాయి.

(అ) పేరెంట్ కోళ్ల దశ: మనం తినే బ్రాయిలర్ కోడి గుడ్డు పెట్టే వయసుకు రాకముందే మార్కెట్టుకు చేరుతుంది. కాబట్టి బ్రాయిలర్ పిల్లల కోసం వేరుగా పేరెంట్ కోళ్లను పెంచాలి. ఇవి బ్రీడర్ ఫారాల్లో ఉంటాయి. పేరెంట్ పెట్ట సుమారు 25 వారాల వయసులో గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, 60 వారాలు దాటేవరకు కొనసాగిస్తుంది. పుంజులు కలిసి ఉంటాయి కాబట్టి ఈ గుడ్లలో ఎక్కువ భాగం ఫలదీకరణ చెంది ఉంటాయి.

(ఆ) హ్యాచరీ దశ: బ్రీడర్ ఫారం నుంచి వచ్చిన గుడ్లను శుభ్రపరచి, ఏరి, చల్లని గదిలో కొద్ది రోజులు నిల్వ ఉంచి, సెట్టర్ అనే యంత్రంలో పెడతారు. నిల్వ వారం దాటితే పొదిగే శక్తి తగ్గుతుంది. సెట్టర్‌లో ఉష్ణోగ్రత సుమారు 37.5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. పిండం పెంకుకు అంటుకుపోకుండా ట్రేలు గంటకొకసారి పక్కకు ఒరుగుతుంటాయి. సుమారు 18 రోజుల తరువాత గుడ్లను హ్యాచర్ అనే మరో యంత్రంలోకి మారుస్తారు. 21వ రోజుకు పిల్లలు బయటికి వస్తాయి. పొట్టలో మిగిలిన పచ్చసొన ఆధారంతో పిల్ల రెండు రోజుల పాటు మేత లేకుండా ఉండగలదు. ఒక రోజు వయసున్న పిల్లలను దూరప్రాంతాలకు పంపగలగడానికి కారణం ఇదే. అమెరికా తపాలా శాఖ 1918లోనే కోడిపిల్లల పెట్టెలను పార్సిళ్లుగా స్వీకరించడం ప్రారంభించింది.

(ఇ) పెంపకం దశ: పిల్లలను రైతుల షెడ్లలో వదులుతారు. మన దగ్గర సాధారణంగా 35 నుంచి 42 రోజుల్లో కోడి రెండు కిలోల అటూ ఇటూ బరువుకు వస్తుంది. అమెరికాలో మరికొన్ని రోజులు ఎక్కువ ఉంచి, సగటున మూడు కిలోలకు దగ్గరగా పెంచుతారు.

ఈ మూడు దశలను ఒక తేదీకి అన్వయించి చూడండి. జనవరి 14న సంక్రాంతికి అమ్మదలచిన కోడికి 42 రోజుల పెంపకం కావాలనుకుందాం. పిల్లను డిసెంబరు 3న షెడ్డులో వదలాలి. దానికి 21 రోజుల ముందు, అంటే నవంబరు 12న గుడ్డును సెట్టర్‌లో పెట్టాలి. ఆ గుడ్డు పెట్టే పెట్టను 25 వారాల ముందే, అంటే మే మూడో వారంలోనే, బ్రీడర్ ఫారంలో పిల్లగా వదిలి ఉండాలి.

ఈ తేదీలలో ఒక చిక్కుంది. నవంబరు మధ్యకాలం సాధారణంగా కార్తీకమాసంలో పడుతుంది. అప్పుడు చాలా ఇళ్లలో మాంసం వండరు, ధర తగ్గి ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే సంక్రాంతికి ఎన్ని గుడ్లు పెట్టాలో నిర్ణయించాలి. ఆనాటి తక్కువ ధరను చూసి గుడ్లు తగ్గిస్తే పండుగకు కొరత వస్తుంది. పండుగ గిరాకీ మీద ఆశతో ప్రతి హ్యాచరీ గుడ్లు పెంచితే పండుగకు కోళ్లు మిగిలిపోతాయి. పక్కవాడు ఏం చేస్తున్నాడో తెలియకపోతే ఈ రెండు తప్పుల మధ్యే ఊగిసలాడవలసి వస్తుంది.

సూక్ష్మ అర్థశాస్త్రంలో మీరు చదివిన సాలెగూడు సిద్ధాంతం ఇదే పరిస్థితిని వివరిస్తుంది. మార్డికై ఎజెకీల్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1938లో దీనిపై ప్రసిద్ధ వ్యాసం రాశారు. నేటి ధరను చూసి రేపటి ఉత్పత్తిని నిర్ణయించినప్పుడు, మధ్యలో ఉన్న కాలవిరామం వల్ల ధరా ఉత్పత్తీ ఒకదానినొకటి తరుముతూ పైకీ కిందికీ ఊగుతాయి. ఆ ఊపును తగ్గించే మార్గాల్లో ఒకటి, ఉత్పత్తి గొట్టంలో ఇప్పటికే ఎంత సరుకు ప్రయాణిస్తున్నదో అందరికీ తెలియజేయడం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I
1. అక్టోబరు 20న అమ్మదలచిన 42 రోజుల కోడికి పిల్లను ఏ తేదీన వదలాలి? గుడ్డును ఏ తేదీన యంత్రంలో పెట్టాలి?

7.3 ముఖ్యమైన కొలతలు

హ్యాచరీ ఉత్పత్తిని తెలుసుకోవడానికి కింది కొలతలను వాడతారు. ఇవి ఒకదానికొకటి దగ్గరగా కనిపిస్తాయి గానీ ఒకటి కావు.

1. పెట్టిన గుడ్లు: ఒక వారంలో మాంసపు జాతి పిల్లల కోసం సెట్టర్లలో పెట్టిన గుడ్ల సంఖ్య. ఇది తొమ్మిది వారాల తరువాతి సరఫరాకు తొలి సూచన.

2. పొదిగిన పిల్లలు: ఒక వారంలో గుడ్ల నుంచి బయటికి వచ్చిన పిల్లల సంఖ్య.

3. పొదుగుదల శాతం: పెట్టిన ప్రతి 100 గుడ్లకు వచ్చిన పిల్లల సంఖ్య. దీన్ని రెండు రకాలుగా చెబుతారు. 100 గుడ్లు పెడితే అందులో 92 ఫలదీకరణ చెందినవనీ, 83 పిల్లలు వచ్చాయనీ అనుకోండి. పెట్టిన గుడ్లపై పొదుగుదల 83 శాతం. ఫలదీకరణ చెందిన గుడ్లపై అయితే 90.2 శాతం. మొదటిది బ్రీడర్ ఫారం, హ్యాచరీ రెండింటి పనితీరును కలిపి చూపుతుంది. రెండవది ప్రధానంగా గుడ్ల నిల్వ, యంత్రం, నిర్వహణలకు సంబంధించినది. ఏ నివేదికలోనైనా ఏ శాతాన్ని ఇచ్చారో ముందుగా చూసుకోవాలి.

4. వదిలిన పిల్లలు: మాంసం కోసం షెడ్లలో నిజంగా వదిలిన పిల్లల సంఖ్య. పొదిగిన ప్రతి పిల్లా షెడ్డుకు చేరదు. బలహీనమైనవాటిని ఏరివేస్తారు. కొన్ని ఇతర ప్రాంతాలకు పోతాయి, కొన్ని ఇతర ప్రాంతాల నుంచి వస్తాయి. సరఫరా అంచనాకు అన్నిటికంటే నమ్మదగిన కొలత ఇదే.

5. వదిలిన పేరెంట్ పెట్టపిల్లలు: బ్రీడర్ ఫారాల్లో వదిలిన పెట్టపిల్లల సంఖ్య. సుమారు 34 వారాల తరువాతి మాంసం సరఫరా సామర్థ్యాన్ని ఇది సూచిస్తుంది. 25 వారాల ఎదుగుదల, 3 వారాల పొదుగు, 6 వారాల పెంపకం కలిపితే ఈ సంఖ్య వస్తుంది.

మొదటి నాలుగు కొలతలు దగ్గరి భవిష్యత్తును చూపుతాయి. అయిదవది దూరపు భవిష్యత్తును చూపుతుంది.

7.4 గణన విధానం: ఒక ఉదాహరణ

ఒక ప్రాంతంలోని హ్యాచరీలన్నిటి లెక్కను కలిపితే కింది అంకెలు వచ్చాయనుకుందాం. ఇవి అభ్యాసం కోసం కల్పించిన అంకెలు.

| వారం | పెట్టిన గుడ్లు | పొదిగిన పిల్లలు |
|---|---|---|
| 1 | 10,00,000 | – |
| 2 | 10,20,000 | – |
| 3 | 10,40,000 | – |
| 4 | 11,00,000 | 8,00,000 |

సోపానం 1: నాలుగో వారం పొదుగుదల శాతం ఎంత? నాలుగో వారంలో వచ్చిన పిల్లలు మొదటి వారంలో పెట్టిన గుడ్ల నుంచి వచ్చాయి. కాబట్టి

8,00,000 ÷ 10,00,000 × 100 = 80 శాతం.

విద్యార్థులు తరచుగా చేసే తప్పు, అదే వారపు గుడ్లతో భాగించడం. అప్పుడు 8,00,000 ÷ 11,00,000 × 100 = 72.7 శాతం వస్తుంది. హ్యాచరీల పనితీరు దిగజారిందని పొరపడతాం. నిజానికి జరిగింది గుడ్లు పెరగడం మాత్రమే. గుడ్లు తగ్గుతున్న కాలంలో ఇదే తప్పు పొదుగుదల మెరుగుపడినట్లు చూపుతుంది.

సోపానం 2: వదిలిన పిల్లలు ఎన్ని? ఏరివేసినవి 10,000, బయటి ప్రాంతాలకు పంపినవి 50,000, బయటి నుంచి వచ్చినవి 30,000 అనుకుంటే

8,00,000 – 10,000 – 50,000 + 30,000 = 7,70,000.

సోపానం 3: ఆరు వారాల తరువాత అమ్మకానికి వచ్చే కోళ్లు ఎన్ని? పెంపకంలో 5 శాతం చనిపోతాయనుకుంటే

7,70,000 × 0.95 = 7,31,500.

సోపానం 4: మాంసం ఎంత? సగటు బరువు 2.2 కిలోలైతే బతికున్న కోళ్ల మొత్తం బరువు 16,09,300 కిలోలు. శుభ్రం చేశాక 70 శాతం మిగులుతుందనుకుంటే 11,26,510 కిలోలు, అంటే సుమారు 1,127 టన్నులు.

ఇప్పుడు ఒక్క అంకెను మార్చి చూడండి. ఎండల వల్ల మరణాలు 5 శాతం నుంచి 10 శాతానికి పెరిగితే కోళ్లు 6,93,000కు తగ్గుతాయి. అంటే 38,500 కోళ్లు మార్కెట్టుకు రావు. గుడ్ల లెక్క ఎంత కచ్చితంగా ఉన్నా, తరువాతి దశల్లోని మార్పులు అంచనాను సవరిస్తాయని దీనివల్ల తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – II
2. ఒక హ్యాచరీ 2,40,000 గుడ్లు పెట్టింది. మూడు వారాల తరువాత 1,96,800 పిల్లలు వచ్చాయి. పెట్టిన గుడ్లపై పొదుగుదల శాతం ఎంత?

7.5 అమెరికాలోని వారపు నివేదిక

ఈ గణాంకాలను క్రమం తప్పకుండా సేకరించి ప్రకటించే వ్యవస్థకు మంచి ఉదాహరణ అమెరికా వ్యవసాయ శాఖలోని జాతీయ వ్యవసాయ గణాంక సేవా సంస్థ. ఇది ప్రతి వారం బ్రాయిలర్ హ్యాచరీ నివేదికను విడుదల చేస్తుంది. శనివారంతో ముగిసే వారానికి లెక్క కట్టి, మరుసటి బుధవారం ప్రకటించడం సాధారణ పద్ధతి. అంటే గుడ్డు సెట్టర్‌లో ఉండగానే దాని లెక్క బయటికి వస్తుంది.

నివేదికలో ప్రధానంగా రెండు పట్టికలుంటాయి. ఒకటి పెట్టిన గుడ్లు, రెండవది వదిలిన పిల్లలు. జార్జియా, అలబామా, అర్కాన్సా, ఉత్తర కరొలైనా, మిసిసిపి వంటి ప్రధాన రాష్ట్రాల అంకెలను విడిగా ఇస్తారు. దేశం మొత్తానికి సగటు పొదుగుదల శాతాన్ని కూడా పేర్కొంటారు. ఆ వారం పొదిగిన పిల్లలను మూడు వారాల కిందట పెట్టిన గుడ్లతో భాగించి ఈ శాతాన్ని కడతారు. మనం 7.4లో చేసినది ఇదే పద్ధతి.

పరిమాణం చూస్తే, 2024లో అక్కడ వారానికి సుమారు 24 నుంచి 25 కోట్ల గుడ్లు పెట్టారు. షెడ్లలో వదిలిన పిల్లలు వారానికి 18 నుంచి 20 కోట్ల మధ్య ఉన్నాయి. పేరెంట్ పెట్టపిల్లల లెక్క మాత్రం కోళ్లు, గుడ్లకు సంబంధించిన నెలవారీ నివేదికలో వస్తుంది.

ఈ వ్యవస్థలో రెండు నియమాలు ముఖ్యమైనవి. మొదటిది గోప్యత. ఒక్కొక్క హ్యాచరీ ఇచ్చిన అంకెను ఎవరికీ వెల్లడించరు. ఒక రాష్ట్రంలో కంపెనీలు మరీ కొద్దిగా ఉండి, మొత్తం అంకె నుంచి ఒక కంపెనీ లెక్కను ఊహించే వీలుంటే, ఆ రాష్ట్రాన్ని ఇతర రాష్ట్రాలతో కలిపి చూపుతారు. రెండవది సమానత్వం. ముందుగా ప్రకటించిన రోజున, ఒకే గంటకు, అందరికీ ఉచితంగా నివేదిక అందుతుంది. పెద్ద కంపెనీకి ఒక రోజు ముందు, చిన్న రైతుకు ఒక రోజు తరువాత అనేది ఉండదు.

ఈ నివేదికను వాడేవారు కోళ్ల రైతులు మాత్రమే కాదు. మొక్కజొన్న, సోయా అమ్మేవారు మేత గిరాకీని దీనిని బట్టి అంచనా వేస్తారు. మాంసం ప్రాసెసింగ్ కర్మాగారాలు కూలీల అవసరాన్ని లెక్కించుకుంటాయి. బ్యాంకులు అప్పు ఇచ్చే ముందు పరిశ్రమ ఎటు పోతున్నదో చూస్తాయి.

7.6 లెక్కలు చదవడంలో జాగ్రత్తలు

(అ) గుడ్లు పెరిగితే కోళ్లు పెరిగినట్లు కాదు: పొదుగుదల శాతం తగ్గితే ఎక్కువ గుడ్లు పెట్టినా పిల్లలు పెరగవు. అమెరికాలో ఒకప్పుడు 82 శాతం దాకా ఉన్న సగటు, 2020లలో 79–80 శాతం దగ్గరకు దిగింది. తాము ఎంచుకున్న ఒక పుంజు జాతి వల్ల పొదుగుదల అనుకున్నంత రాలేదనీ, అందుకే కోళ్లు తగ్గాయనీ 2021లో అక్కడి ఒక పెద్ద కంపెనీ బహిరంగంగా చెప్పింది. అటువంటి కాలంలో గుడ్ల పట్టికను మాత్రమే చూసినవారు సరఫరాను ఎక్కువగా అంచనా వేస్తారు.

(ఆ) కోళ్ల సంఖ్య మాంసం కాదు: సగటు బరువు మారితే అదే సంఖ్యలో కోళ్ల నుంచి వచ్చే మాంసం మారుతుంది. ధర పడిపోయినప్పుడు రైతు కోళ్లను అమ్మలేక మరికొన్ని రోజులు ఉంచితే బరువు పెరిగి, మాంసం ఇంకా ఎక్కువవుతుంది. ధర మరింత పడుతుంది.

(ఇ) రెండుసార్లు లెక్కపెట్టకూడదు: ఒక రాష్ట్రంలో పొదిగి మరో రాష్ట్రానికి పోయిన పిల్లలను రెండుచోట్లా కలిపితే దేశపు మొత్తం తప్పుతుంది. పొదిగినచోట ఒక పట్టికలో, వదిలినచోట మరో పట్టికలో చూపడానికి కారణం ఇదే.

(ఈ) లేయర్ పిల్లలను కలపకూడదు: గుడ్ల కోసం పెంచే లేయర్ కోళ్లు వేరు జాతులు. వాటి హ్యాచరీ లెక్క మాంసం సరఫరాకు పనికిరాదు.

(ఉ) దేనితో పోల్చాలి: గత వారంతో పోలిస్తే సెలవుల ప్రభావం కలుస్తుంది. అందుకే గత ఏడాది అదే వారంతో పోలుస్తారు. కానీ మన దేశంలో ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. సంక్రాంతి దాదాపు ఒకే తేదీకి వస్తుంది. రంజాన్ నెల మాత్రం ప్రతి ఏడాది సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. దసరా, శ్రావణమాసం, కార్తీకమాసం కూడా ఇంగ్లీషు తేదీలతో కలవవు, అధికమాసం వచ్చిన ఏడాది ఇంకా దూరం జరుగుతాయి. కాబట్టి ఇక్కడ పోల్చవలసినది క్యాలెండర్ వారాన్ని కాదు. పండుగకు ఎన్ని వారాల ముందున్నామో చూసి, గత ఏడాది అదే దూరంలో ఉన్న వారంతో పోల్చాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – III
3. రంజాన్‌కు ముందు వదిలిన పిల్లల సంఖ్యను గత ఏడాది అదే తేదీల సంఖ్యతో పోలిస్తే ఎందుకు పొరపడతాం?

7.7 లెక్క ఎవరి చేతిలో ఉంది?

సమాచారం ఉంటే మంచిదే గదా అని మీరు అనుకోవచ్చు. సమాచారం ఎవరి దగ్గర ఉంది, ఎంత వివరంగా ఉంది అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

2023 సెప్టెంబరులో అమెరికా న్యాయశాఖ అగ్రి స్టాట్స్ అనే సంస్థపై దావా వేసింది. కోడి, పంది, టర్కీ మాంసం కంపెనీల నుంచి ఈ సంస్థ ధరలు, ఖర్చులు, ఉత్పత్తి వివరాలను సేకరించి, తిరిగి ఆ కంపెనీలకే నివేదికలుగా అందించేదనీ, దానివల్ల పోటీ పడవలసిన కంపెనీల మధ్య పోటీ సన్నగిల్లిందనీ న్యాయశాఖ ఆరోపణ. అటువంటి వివరాలు కొనుగోలుదారులకూ, రైతులకూ, కార్మికులకూ అందలేదన్నది ఆ దావాలోని మరో ముఖ్యాంశం.

ఇప్పుడు రెండు రకాల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రభుత్వ నివేదికలో మొత్తాలు మాత్రమే ఉంటాయి, కంపెనీల వివరాలు ఉండవు, అందరికీ ఒకేసారి అందుతుంది. అటువంటి లెక్క బలహీనుడికి బలాన్నిస్తుంది. వివరాలన్నీ ఉండి, కొద్దిమంది పెద్దలకే అందే లెక్క వారి బలాన్ని ఇంకా పెంచుతుంది. రెండూ గణాంకాలే. సేకరించే పద్ధతి కూడా దాదాపు ఒకటే. ప్రచురణ నియమాల్లోని తేడా వల్ల ఒకటి ప్రజాప్రయోజనంగా మారితే, మరొకటి వివాదమై న్యాయస్థానానికి చేరింది.

7.8 మన ప్రాంతంలో ఈ లెక్కల అవసరం

తెలుగు ప్రాంతాలు కోళ్ల పరిశ్రమలో ముందునుంచీ ముఖ్యమైనవి. డాక్టర్ బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్‌ను స్థాపించారు. గుడ్ల ధరల విషయంలో రైతులను కూడగట్టిన జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ 1982లో ఏర్పడటం వెనుక ఉన్నదీ ఆయనే. నేడు దేశంలో ఉత్పత్తయ్యే మాంసంలో సుమారు సగం కోళ్ల నుంచే వస్తున్నది.

మన దేశంలో గుడ్లు, మాంసం ఉత్పత్తిని సమీకృత నమూనా సర్వే ద్వారా అంచనా వేస్తారు. ఏడాదిని వేసవి, వర్షాకాలం, చలికాలం అనే మూడు నాలుగు నెలల కాలాలుగా విభజించి నమూనాలు తీసుకుంటారు. ఏడాది మొత్తం ఎంత ఉత్పత్తి అయిందో తెలుసుకోవడానికి ఇది సరైన పద్ధతి. కానీ ఇది జరిగిపోయినదానిని కొలుస్తుంది. హ్యాచరీ లెక్క జరగబోయేదానిని చూపుతుంది. విధాన నిర్ణేతకు మొదటిది కావాలి. ఈ వారం పిల్లలు దించుకోవాలా వద్దా అని ఆలోచించే రైతుకు రెండవది కావాలి.

మన గ్రామాల్లో బ్రాయిలర్ రైతులు రెండు రకాలు. సొంతంగా పిల్లలు, మేత కొని పెంచేవారు ఒక రకం. ఇంటిగ్రేషన్ పద్ధతిలో కంపెనీ కోళ్లను పెంచేవారు మరో రకం. ఈ పద్ధతిలో పిల్లలు, మేత, మందులు కంపెనీవి. షెడ్డు, నీరు, కరెంటు, చాకిరీ రైతువి. రైతుకు కిలోకు ఇంత అని పెంపకం చార్జీ ముడుతుంది. సొంత రైతుకు ధర పడిపోయే ప్రమాదం నేరుగా తగులుతుంది. కంపెనీ రైతుకు అది మరో రూపంలో వస్తుంది. కోళ్లు ఎక్కువైనప్పుడు లిఫ్టింగ్ ఆలస్యమవుతుంది, లేదా తరువాతి బ్యాచ్ పిల్లలు ఆలస్యంగా వస్తాయి. షెడ్డు ఖాళీగా ఉన్న రోజుల్లోనూ బ్యాంకు వాయిదా ఆగదు. తన హ్యాచరీలో ఎన్ని గుడ్లు ఉన్నాయో కంపెనీకి తెలుసు. రైతుకు తెలియదు. అందుకే ఎక్కువ నష్టం రైతుకే.

2020లో జరిగిన సంఘటనలు ఈ కాలవిరామాన్ని స్పష్టంగా చూపాయి. కోడిమాంసం వల్ల కరోనా సోకుతుందన్న వదంతి వ్యాపించి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో గిరాకీ కుప్పకూలింది. భయం పోగొట్టడానికి తెలంగాణ మంత్రులు హైదరాబాదు ట్యాంక్‌బండ్ వద్ద జరిగిన సభలో వేదిక మీదే చికెన్ తిన్నారు. అప్పటికే షెడ్లలో ఉన్న కోళ్లను ఆపడం ఎవరి తరమూ కాలేదు. రైతులు పెట్టుబడిలో చిన్న భాగానికే అమ్ముకున్నారు. దేశంలో కొన్నిచోట్ల కోళ్లను పూడ్చిపెట్టారు. కొత్త పిల్లలను దించుకునేవారు తగ్గారు, హ్యాచరీలు గుడ్లు తగ్గించాయి. మార్చికి తొమ్మిది వారాలు కలిపితే మే నెల వస్తుంది. సరిగ్గా మే నెలకల్లా గిరాకీ తిరిగి వచ్చింది, కోళ్లు చాల్లేదు, ధర వేగంగా ఎక్కింది. మార్చిలో నష్టపోయి షెడ్డు మూసిన రైతుకు మే నెల ధర దక్కలేదు. ధైర్యం చేసి పిల్లలు దించినవాడికీ, దించగల పెట్టుబడి ఉన్నవాడికీ దక్కింది.

వారపు లెక్క ఉంటే వదంతి ఆగేదని చెప్పలేం. గిరాకీ పడిపోవడాన్ని హ్యాచరీ గణాంకాలు ముందుగా చూపలేవు. అవి సరఫరా వైపు మాత్రమే చూపు సారిస్తాయి. కానీ ఏప్రిల్ మొదట్లోనే పెట్టిన గుడ్లు ఎంత తగ్గాయో రైతుకు తెలిసి ఉంటే, జూన్‌కు కొరత రాబోతున్నదని అతడు లెక్కకట్టుకోగలిగేవాడు. షెడ్డు మూయాలా, సగం పిల్లలతోనైనా నడపాలా అనే నిర్ణయం భయం మీద కాక అంకె మీద ఆధారపడి ఉండేది. గణాంకాలు చేయగల మేలు అంతే. అయినా ఒక కుటుంబపు రెండు బ్యాచ్‌ల రాబడి ఆ నిర్ణయంలో ఉంది.

మీ ప్రాంతంలో ఈ లెక్కను చిన్న స్థాయిలో మీరే ప్రయత్నించవచ్చు. మీ మండలంలో పరిచయమున్న పది షెడ్లను ఎంచుకోండి. ప్రతి వారం ఎన్ని పిల్లలు దించారో, ఎన్ని చనిపోయాయో, ఎన్ని ఎత్తారో, ఏ బరువుకు ఎత్తారో నమోదు చేయండి. రైతుల పేర్లు బయటపెట్టకుండా మొత్తాలను మాత్రమే పట్టిక వేయండి. మూడు నెలలు గడిచేసరికి, పిల్లల సంఖ్యకూ ఆరు వారాల తరువాతి ధరకూ ఉన్న సంబంధం మీ పట్టికలో కనిపిస్తుందో లేదో పరిశీలించండి. పది షెడ్లు మండలం మొత్తానికి ప్రతినిధులు కాకపోవచ్చు. ఎందుకు కావో రాయడం కూడా మీ అభ్యాసంలో భాగమే.

7.9 సారాంశం

మాంసపు కోడి ఉత్పత్తిలో గుడ్డు యంత్రంలో పెట్టిన నాటి నుంచి మార్కెట్టుకు తొమ్మిది వారాలు, పేరెంట్ పిల్లను వదిలిన నాటి నుంచి సుమారు 34 వారాలు పడుతుంది. ఈ కాలవిరామం వల్ల ధరలు ఊగిసలాడతాయి. పెట్టిన గుడ్లు, పొదిగిన పిల్లలు, పొదుగుదల శాతం, వదిలిన పిల్లలు, పేరెంట్ పెట్టపిల్లలు అనే అయిదు కొలతలు రాబోయే సరఫరాను సూచిస్తాయి. పొదుగుదల శాతాన్ని ఎప్పుడూ మూడు వారాల కిందటి గుడ్లతోనే లెక్కించాలి. అమెరికాలో ఈ లెక్కను గోప్యత, సమానత్వం అనే నియమాలతో ప్రతి వారం ప్రకటిస్తారు. లెక్క అందరికీ అందినప్పుడు చిన్న రైతుకు మేలు చేస్తుంది. కొద్దిమందికే అందినప్పుడు పోటీని దెబ్బతీసే ప్రమాదం ఉంది.

7.10 పదకోశం

సెట్టర్: గుడ్లను మొదటి 18 రోజులు ఉంచే పొదిగే యంత్రం.
హ్యాచర్: చివరి మూడు రోజులు గుడ్లను ఉంచే యంత్రం, పిల్లలు ఇందులోనే బయటికి వస్తాయి.
పేరెంట్ కోళ్లు: బ్రాయిలర్ పిల్లల కోసం గుడ్లు పెట్టే కోళ్లు.
లిఫ్టింగ్: ఎదిగిన కోళ్లను షెడ్డు నుంచి ఎత్తి మార్కెట్టుకు తరలించడం.
కాలవిరామం: ఉత్పత్తి నిర్ణయానికీ, సరుకు మార్కెట్టుకు రావడానికీ మధ్య ఉన్న వ్యవధి.

7.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. హ్యాచరీ ఉత్పత్తిని కొలిచే వివిధ కొలతలను వివరించి, వాటి మధ్య సంబంధాన్ని ఒక ఉదాహరణతో చూపండి.
2. హ్యాచరీ గణాంకాలను ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించడానికీ, ప్రైవేటు సంస్థ కొద్దిమందికే అందించడానికీ ఉన్న తేడాను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. సాలెగూడు సిద్ధాంతాన్ని బ్రాయిలర్ పరిశ్రమకు అన్వయించండి.
2. పెట్టిన గుడ్లపై పొదుగుదల, ఫలదీకరణ చెందిన గుడ్లపై పొదుగుదల మధ్య భేదం ఏమిటి?
3. సమీకృత నమూనా సర్వే, వారపు హ్యాచరీ లెక్క: ఏది ఎవరికి ఉపయోగం?

7.12 'మీ ప్రగతిని సరిచూసుకోండి' ప్రశ్నలకు జవాబులు

1. పిల్లను సెప్టెంబరు 8న వదలాలి. గుడ్డును ఆగస్టు 18న యంత్రంలో పెట్టాలి.
2. 1,96,800 ÷ 2,40,000 × 100 = 82 శాతం.
3. రంజాన్ నెల ప్రతి ఏడాది సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. కాబట్టి గత ఏడాది అదే తేదీలు పండుగకు అంత దగ్గరగా ఉండవు. గిరాకీ కోసం పెంచిన పిల్లల సంఖ్యను సాధారణ వారాల సంఖ్యతో పోల్చినట్లవుతుంది. ఉత్పత్తి శాశ్వతంగా పెరిగిందని పొరపడతాం.